తిరుగు టిక్కెట్టు ఎవరి కోసం?

శంషాబాద్ విమానాశ్రయంలో టిక్కెట్టు లేనివాళ్లని లోపలికి పోనివ్వరు కదా! అందుకని గేటు దగ్గర అమ్మాయిని దించి, ట్రాలీ మీద రెండు సూట్‌కేసులూ సర్దిపెట్టి, నేనూ మావారూ అద్దాల బయటే నిలబడ్డాం. ఆవకాయ బరువెక్కువై ఆపేస్తారేమోనని నా భయం. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో ఫోన్ మోగింది.

“అమ్మా, రిటర్న్ టిక్కెట్టు ఏదని అడుగుతున్నారు. అది చూపించందే బోర్డింగ్ పాస్ ఇవ్వరట.”

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు కంగారు కంటే ముందు సంతోషం కలిగింది. ‘నేను చెప్పలేదూ?’ అనే సంతోషం. కన్నతల్లికి రావలసిన ఆలోచనేనా అది అని మీరడగొచ్చు. వచ్చింది మరి, ఏం చెయ్యను! వారం రోజులుగా ఇంట్లో నేను ఆ మాటే అడుగుతున్నాను. “తిరుగు టిక్కెట్టు కూడా కొనెయ్యవే, అడిగినవాళ్లకి చెప్పుకోడానికి బావుంటుంది” అని. “ఎప్పుడొస్తానో తెలీకుండా టిక్కెట్టెందుకమ్మా, డబ్బు దండగ” అని అది కొట్టిపారేస్తూ వచ్చింది.

అసలు సంగతేమిటో ముందు చెప్పాలి. మా అమ్మాయికి ముప్ఫై మూడేళ్లు. బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఆఫీసుకి వెళ్లక్కర్లేదు, ఎక్కడ కూర్చున్నా ఇంటర్నెట్ ఉంటే చాలు. ఇలా దూరం నుంచి పనిచేసే వాళ్ల కోసం ఇప్పుడు చాలా దేశాలు ప్రత్యేకంగా వీసాలు ఇస్తున్నాయి. మా దేశంలో ఉద్యోగం అడక్కండి, మీ ఉద్యోగం మీరు చేసుకుంటూ మా ఊళ్లో అద్దె కట్టుకుని, మా అంగళ్లలో కొనుక్కుని బతకండి అని వాటి ఉద్దేశం. కరోనా వచ్చిన 2020లో బార్బడోస్, ఎస్టోనియా మొదలుపెట్టాయి. దుబాయ్ ఏడాది వీసా ఇచ్చింది. 2022లో పోర్చుగల్, మలేషియా వచ్చి చేరాయి. 2024 జూలైలో థాయ్‌లాండ్ కూడా ఒకటి తెచ్చింది. అయిదేళ్లు చెల్లే వీసా. వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. బ్యాంకులో అయిదు లక్షల బాత్‌లు, అంటే మన లెక్కలో పన్నెండు లక్షల పైమాటే, నిల్వ చూపించాలి. కంపెనీ ఉత్తరం చూపించాలి. మా అమ్మాయి ఆరేళ్లు కూడబెట్టుకున్నది బ్యాంకులో చూపించి ఆ వీసా తెచ్చుకుంది. 2025 ఆగస్టులో చియాంగ్‌మాయ్ అనే ఊరికి ప్రయాణం కట్టింది.

ఉన్న ఊరుండగా అక్కడికెందుకు అంటారా? నేనూ అదే అన్నాను. విడాకులైన ఒంటరి ఆడపిల్లకి గది అద్దెకిచ్చేవాళ్ల కోసం అది హైదరాబాద్‌లో రెండు నెలలు తిరిగింది. “ఫ్యామిలీకే ఇస్తామండీ” అన్నవాళ్లు కొందరు. “మీ నాన్నగారు వచ్చి మాట్లాడితే చూద్దాం” అన్నవాళ్లు ఇంకొందరు. ముప్ఫై మూడేళ్ల మనిషి తరఫున నాన్నగారు వచ్చి మాట్లాడాలట! చియాంగ్‌మాయ్‌లో ఇలా పనిచేసుకునేవాళ్లు దేశదేశాల నుంచీ వచ్చి ఉంటారనీ, మన టైముకీ వాళ్ల టైముకీ గంటన్నరే తేడా కాబట్టి ఆఫీసుకి ఇబ్బంది ఉండదనీ తెలుసుకుని నిశ్చయించుకుంది. బ్యాంకాక్ ఎంత దూరం? మా తెనాలి నుంచి హైదరాబాద్ రావడానికి పట్టే సమయం కంటే హైదరాబాద్ నుంచి అక్కడికి ఎగిరిపోవడానికి పట్టే సమయమే తక్కువ.

అయినా చుట్టాలు ఊరుకుంటారా? “వన్‌వే టిక్కెట్టా?” అంటూ మా ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది. “అంటే ఇంక రాదా వదినా?” అంది. పక్కింటావిడ, పాలవాడు, గుడిలో కనబడిన పాత టీచరమ్మ, అందరిదీ ఒకటే ప్రశ్న. ఎక్కడికి వెళ్తోంది, ఏం పని చేస్తుంది, ఎంత సంపాదిస్తుంది అని ఒక్కరూ అడగలేదు. ‘మళ్లీ ఎప్పుడొస్తుంది?’ అంతే. చివరికి కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కూడా అదే అడిగిందన్నమాట.

సరే, గేటు బయట మా అవస్థ చెబుతాను. మా అక్క కొడుకు కారులో తీసుకొచ్చాడు మమ్మల్ని. వాడు వెంటనే, “దీనికంత ఖంగారెందుకు పిన్నీ! నా ఫ్రెండ్ ఒకడు ఏజెంటు. ఏడొందలు పంపిస్తే డమ్మీ టిక్కెట్టు పది నిమిషాల్లో వాట్సాప్‌లో పెట్టేస్తాడు. అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. రేపటికి అదే క్యాన్సిల్ అయిపోతుంది” అన్నాడు. నాకు బానే ఉందనిపించింది. ఏడొందలతో పోయేదానికి వేలెందుకు? ఫోన్లో అమ్మాయికి ఆ మాటే చెప్పాను.

“వద్దమ్మా. అయిదేళ్ల వీసా తెచ్చుకుని, దొంగ కాగితంతో మొదలుపెట్టమంటావా?” అంది.

నోరు మూతపడింది నాకు. అది కౌంటరు పక్కన నిలబడే ఫోన్లో బ్యాంకాక్ నుంచి హైదరాబాద్‌కి టిక్కెట్టు వెతికింది. నూట ఎనభై రోజుల లోపల తేదీ ఉండాలి. “ఏ తారీకుకి వెయ్యనమ్మా?” అని అడిగింది. “భోగికి రెండ్రోజుల ముందు వెయ్యవే” అన్నాను. “నాన్న కార్డు నంబరు చెప్పనా?” అని కూడా అన్నాను. “వద్దు, నా దగ్గరున్నాయి” అంది. పదమూడు వేల చిల్లర. తేదీ మార్చుకోడానికి వీలున్న టిక్కెట్టు తీసుకుంది. కౌంటరు మూసేయడానికి పావుగంట ఉందనగా బోర్డింగ్ పాస్ చేతికొచ్చింది.

తిరుగుదారిలో మా అక్క కొడుకు ఎయిర్‌లైన్స్ వాళ్లని తిడుతూనే ఉన్నాడు. వీసా ఉన్నాక మళ్లీ టిక్కెట్టు అడగడమేమిటి, ఒంటరి ఆడపిల్ల అని అలుసు కాకపోతే, అని. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ పాతికేళ్లు స్కూల్లో సోషల్ చెప్పినదాన్ని. ఒక నిబంధన కనబడితే దాని వెనక కారణమేమిటో వెతక్కపోతే నిద్రపట్టదు. వెతికాను.

తెలిసిందేమిటంటే, ఆ కౌంటర్లో అమ్మాయికి మన పిల్ల గుణగణాలతో పనిలేదు. ఆమె భయం ఆమెది. 1944లో చాలా దేశాలు కలిసి విమానయానం గురించి షికాగోలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. దానికి అనుబంధంగా వచ్చిన నియమాల ప్రకారం, దిగిన దేశం వాళ్లు ప్రయాణికుణ్ణి లోపలికి రానివ్వకపోతే అతన్ని వెనక్కి తీసుకెళ్లే బాధ్యత తెచ్చిన ఎయిర్‌లైన్స్‌దే. సరైన కాగితాలు లేనివాళ్లని ఎక్కించుకొస్తే పైగా జరిమానాలు. బ్రిటన్‌లో 1999 నాటి చట్టం ఒక్కో ప్రయాణికుడికి రెండు వేల పౌండ్లు పెట్టింది. యూరప్ దేశాలు 2001లో చేసుకున్న నిబంధన ప్రకారం అక్కడా భారీ జరిమానాలే. అందుకని ప్రతి కౌంటర్లోనూ ‘టైమాటిక్’ అని ఒక కంప్యూటర్ పట్టిక ఉంటుంది. ఏ దేశపు పాస్‌పోర్టుతో ఏ దేశానికి వెళ్తే ఏమేం చూడాలో అది చెబుతుంది. వీసా లేకుండానో, సందర్శకులుగానో వెళ్లేవాళ్లకి తిరుగు టిక్కెట్టో, ఇంకో దేశానికి పోయే టిక్కెట్టో ఉండాలని చాలా దేశాల నియమం. మరి ఏడాదికో అయిదేళ్లకో వీసా ఉన్నవాళ్ల సంగతి? అక్కడే ఉంది చిక్కంతా. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఈ కొత్తరకం వీసాలు కౌంటర్లో ఉన్నవాళ్లు రోజూ చూసేవి కావు. అనుమానమొస్తే, ‘ఎందుకొచ్చిన గొడవ, టిక్కెట్టు చూపించమందాం’ అనుకుంటారు. పోర్చుగల్‌నే తీసుకోండి. అక్కడ స్థిరపడి పనిచేసుకోడానికి ఇచ్చే వీసా మీద నాలుగు నెలలనే ఉంటుంది. అక్కడికి వెళ్లాక నివాస కార్డు ఇస్తారు. తెలియనివాళ్లు చూస్తే నాలుగు నెలల్లో తిరిగొచ్చే మనిషే అనుకోరూ?

అంటే ఆ ప్రశ్న మన పిల్ల మీద తీర్పు కాదు. ఎయిర్‌లైన్స్ తన జేబు కాపాడుకోడానికి అడిగే ప్రశ్న. దానికి ఉక్రోషపడి లాభం లేదు. సిద్ధంగా జవాబు పట్టుకెళ్లడమే తెలివి.

మరి ఇంట్లో మనం అడిగే ప్రశ్న? దాని వెనక ఏముంది?

ఆ రాత్రి బస్సులో మావారు నిద్రపోయారు. నాకు పట్టలేదు. 2016 మాఘమాసం గుర్తొచ్చింది. అదే విమానాశ్రయం, అవే అద్దాలు. అదే పిల్ల. పసుపుతాడు పచ్చదనం కూడా పోలేదు, మొగుడితో అమెరికా బయల్దేరింది. ఆ రోజు గేటు దగ్గర ఇరవై మందిమి. ఫొటోలు, ఏడుపులు, నవ్వులు. దాని చేతిలో ఉన్నది వన్‌వే టిక్కెట్టే! ఎవరైనా బుగ్గలు నొక్కుకున్నారా? ‘మళ్లీ ఎప్పుడొస్తుంది?’ అని భయంగా అడిగారా? పైగా తిరుగు టిక్కెట్టు మాటెత్తితే అశుభం అనేవాళ్లు. పుట్టింటి నుంచి పంపేటప్పుడు వెనక్కి చూడకూడదంటారు కదా!

అమెరికాలో భర్త ఉద్యోగం మీద భార్యకిచ్చే హెచ్-4 వీసా సంగతి మీలో చాలామందికి తెలుసు. దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు. 2015 మే నుంచి కొందరికి అనుమతి ఇచ్చారు గానీ, అది భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశకి వచ్చినవాళ్లకే. మా అల్లుడిది అంతదాకా రాలేదు. ఇంజినీరింగ్ చదివి, ఇక్కడ రెండేళ్లు ఉద్యోగం చేసిన పిల్ల, అక్కడ కూరలు కొనడానికి కూడా అతని కార్డు అడగాలి. అందులో ఏం జరిగిందో, ఎందుకు చెడిందో ఇక్కడ రాయను. అది దాని సొంత విషయం. ఒక్కటి మాత్రం రాస్తాను. ఇంక కలిసి ఉండలేనని అది నిర్ణయించుకున్నాక పదకొండు నెలలు అక్కడే ఉండిపోయింది. ఎందుకో తెలుసా? దాని చేతిలో టిక్కెట్టుకి డబ్బు లేదు. మమ్మల్ని అడగడానికి నోరు రాలేదు.

తెలిసిన మర్నాడే మేం కొన్నాం టిక్కెట్టు. 2019లో తిరిగొచ్చింది. డెబ్భై వేలో ఎంతో అయింది, అప్పు కూడా చెయ్యలేదు. అంత చిన్న విషయం! ఆ పదకొండు నెలలూ వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. “ఏం వండావే?” అని అడిగేదాన్ని. “నీ దగ్గర డబ్బుందా?” అని ఒక్కనాడూ అడగలేదు. పెళ్లిలో కట్నానికీ, పట్టుచీరలకీ, క్యాటరింగ్‌కీ లెక్క చూసుకోలేదు కదా, ఆ పిల్ల పేరున బ్యాంకులో ఒక్క విమానం టిక్కెట్టు డబ్బు వేసి, “ఇది నీది, ఎప్పుడనిపిస్తే అప్పుడు రా” అని ఎందుకు చెప్పలేకపోయాం?

ఇప్పుడు చూడండి మన న్యాయం. ఇంకొకరి వీసా మీద, ఇంకొకరి డబ్బుతో, తిరిగొచ్చే దారి లేకుండా పంపినప్పుడు అది శుభం. సొంత ఉద్యోగం మీద, సొంత డబ్బుతో, ఎప్పుడు కావాలంటే అప్పుడు టిక్కెట్టు కొనుక్కోగల పిల్ల బయల్దేరితే మాత్రం ‘తిరుగు టిక్కెట్టు ఏదీ?’ అని నిలదీత! అడగవలసిన చోట అడగలేదు, అడగక్కర్లేని చోట అడిగాం. ఎయిర్‌లైన్స్ వాళ్లే నయం, మగవాళ్లనీ ఆడవాళ్లనీ ఒకేలా అడుగుతారు.

ఇది చదువుకున్న అమ్మాయిల సమస్యేలే అనుకోకండి. కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు ఎంతమంది లేరు! కొందరు ఏజెంట్లు పని వీసా అని చెప్పి సందర్శకుల వీసా మీద పంపేస్తారు. అలాంటప్పుడు చేతిలో తిరుగు టిక్కెట్టు పెట్టే పంపుతారు. అది కౌంటరు దాటేవరకే. అక్కడ దిగేసరికి రద్దయిపోయి ఉంటుంది. పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి పోతుంది. మా అక్క కొడుకు ఏడొందలకి ఇప్పిస్తానన్న కాగితం, వాళ్ల బతుకుల మీదికి తెచ్చే కాగితం ఒకటే. అది తెలిశాక, ఆ రోజు నేను ‘బానే ఉంది’ అనుకున్నందుకు సిగ్గేసింది.

అందుకే ఈ మాటలు రాస్తున్నాను. విదేశం వెళ్లే ఏ ఆడపిల్ల అయినా సరే, చదువుకైనా, ఉద్యోగానికైనా, కాపురానికైనా, తిరుగు ప్రయాణం తన చేతిలో పెట్టుకునే బయల్దేరాలి. ఎవరికో రుజువు చూపించడానికి కాదు, తన కోసం.

దూరం నుంచి పనిచేసే వీసా మీద వెళ్లేవాళ్లకి మా అనుభవంతో నాలుగు మాటలు. టిక్కెట్టు కొనేముందే ఎయిర్‌లైన్స్‌కి మీ వీసా పేరు చెప్పి, తిరుగు టిక్కెట్టు అడుగుతారా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు ఫోన్లో దాచుకోండి. వీసా కాగితం, కంపెనీ ఉత్తరం, బస ఏర్పాటు అచ్చువేసి చేతిసంచిలోనే పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు. టిక్కెట్టు కొనాల్సివస్తే ఉండనిచ్చే గడువు లోపలి తేదీకి, మార్చుకోడానికో వాపసు తీసుకోడానికో వీలున్నది కొనండి. వాపసు డబ్బు ఎన్నాళ్లకి వస్తుందో, ఎంత కోసుకుంటారో ముందే చదువుకోండి. ఇంటికే రానక్కర్లేదు, పక్క దేశానికి చవగ్గా దొరికే టిక్కెట్టయినా సాధారణంగా సరిపోతుంది. కాకపోతే ఆ దేశంలోకి మీరు వెళ్లగలిగి ఉండాలి. వీసా లేని దేశానికి టిక్కెట్టు చూపిస్తే అదో కొత్త తంటా. డమ్మీ టిక్కెట్ల జోలికి మాత్రం పోవద్దు. కౌంటర్లో ఆ నంబరు కొట్టి చూస్తే దొరికిపోతారు. అక్కడ తప్పించుకున్నా, దిగినచోట దొంగ కాగితమని తేలితే వెనక్కి పంపుతారు. తర్వాత ఏ వీసా అడిగినా ఆ మచ్చ వెంటాడుతుంది.

ఇక వీసా ఏదైనా అందరికీ చెప్పేది ఇంకొకటుంది. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. మొగుడిదీ కాదు, అత్తగారిదీ కాదు, యజమానిదీ కాదు. ఒక టిక్కెట్టుకి సరిపడా డబ్బు మీ ఒక్కరి పేరునే ఉన్న ఖాతాలో ఉంచుకోండి. దాన్ని పండక్కీ పబ్బానికీ కదిలించకండి. అమ్మలకి చెప్పేది కూడా అదే. పిల్లకి పెట్టే సారెలో ఆ ఖాతా పుస్తకం ఒకటి చేర్చండి. అది అశుభం కాదు. దానితో అవసరం పడకపోతే మంచిదే. పడితే మాత్రం పదకొండు నెలలు ఆగక్కర్లేదు.

మా అమ్మాయి సంక్రాంతికి వచ్చింది. భోగికి రెండ్రోజుల ముందు, ఆ టిక్కెట్టు మీదే. పది రోజులుంది. మా ఆడపడుచు చూడ్డానికొచ్చి, “ఈసారి రిటర్న్ టిక్కెట్టు కొనుక్కునే వచ్చావా?” అని అడిగింది. “కొనుక్కునే వచ్చానత్తయ్యా” అని అది ఫోన్లో చూపించింది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి! మా ఆడపడుచుకి ఏమనాలో తోచలేదు. నాకు గుండెల్లో కలుక్కుమంది, అబద్ధమెందుకు. కానీ ఈసారి గేటు దగ్గర ‘మళ్లీ ఎప్పుడొస్తావే?’ అని అడగలేదు. “డబ్బుందా?” అని అడిగాను.

“ఉందమ్మా” అంది నవ్వుతూ. అంతకంటే పెద్ద రుజువు నాకేం కావాలి చెప్పండి?